డాక్స్‌లో పదాలు తప్పు, ఉదాహరణలు రన్ అవ్వవు. సరిచేసి పంపడం ఎలా?

రుషికొండ_టెస్టర్

నమస్కారం అందరికీ. రుషికొండ ఐటీ హిల్స్‌లో టెస్టింగ్ ఉద్యోగం నాది. ఆదివారాలు మద్దిలపాలెంలో ఒక స్నేహితురాలి మేడ మీద డిప్లొమా, డిగ్రీ పిల్లలకి పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్తున్నాం, ఫీజు ఏమీ లేదు. ఎక్కువమంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. అందుకని గిట్‌హబ్‌లో ఉన్న ఒక తెలుగు పైథాన్ గైడ్ పట్టుకున్నాం. ఎవరెవరో వాలంటీర్లు తీరిక చేసుకుని రాసింది, అది లేకపోతే మా క్లాసు ఇంతదూరం వచ్చేదే కాదు. ఈ మాట ముందే చెప్తున్నా, కింద రాసేది వాళ్ళ మీద ఫిర్యాదులా చదవొద్దు. ఫోన్‌లో టైప్ చేస్తున్నాను కాబట్టి కోడ్ కూడా తెలుగు లిపిలోనే రాసేస్తున్నా.

సంగతి ఏంటంటే, ఆ గైడ్‌లో పదాలకి ఒక పేజీకీ ఇంకో పేజీకీ పొంతన లేదు. ఫంక్షన్ల పేజీలో "మనం ఫంక్షన్‌కి పంపే విలువే పారామీటర్" అని ఉంది. క్లాసుల పేజీకి వచ్చేసరికి అదే మాట ఆర్గ్యుమెంట్ అయింది. ఇంకో చోట రెండూ ఒకటే అని రాశారు. మొన్న ఒక అమ్మాయి పైథాన్‌లో క్లాస్ (ఆబ్జెక్టులకి మూస లాంటిది) రాసింది, లోపల ఫంక్షన్ మొదలయ్యే లైను డెఫ్ పలకరించు(పేరు) అని పెట్టింది, ఆ ఆబ్జెక్టుని అందుకునే సెల్ఫ్ అన్న మొదటి పేరు పెట్టలేదు. కాల్ చేయగానే "టేక్స్ 1 పొజిషనల్ ఆర్గ్యుమెంట్ బట్ 2 వర్ గివెన్" అని ఎర్రర్. "నేను ఇచ్చింది ఒక్కటే కదా మేడమ్, రెండు ఇచ్చావంటుందేంటి" అని అడిగింది. గైడ్ తీసి ఆర్గ్యుమెంట్ అని వెతికితే డెఫ్ లైనులో రాసే పేర్లే ఆర్గ్యుమెంట్లు అని ఉంది. ఆ పిల్ల డెఫ్ లైనులో పేర్లు లెక్కపెట్టుకుంది, ఒకటే ఉంది, ఎర్రర్ అబద్ధం చెప్తోందని తేల్చుకుంది. గంటసేపు అక్కడే ఆగిపోయింది.

రెండోది స్ట్రింగుల పేజీ, అంటే కొటేషన్ల మధ్య రాసే మాటల గురించి. "స్ట్రింగ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో లెన్ చెప్తుంది" అని రాసి, హలో అన్న ఇంగ్లీషు మాట ఇచ్చి, జవాబు 5 చూపించారు. బాగానే ఉంది. మా పిల్లలు ఊరుకుంటారా, "విశాఖ" అని ఇచ్చారు. మూడు రావాలి కదా, ఐదు వచ్చింది. తిరగేసి చూద్దామని స్లైస్‌తో రివర్స్ చేస్తే "ఖశావి" రావాల్సిన చోట "ఖాశివ" వచ్చింది. పైథాన్‌కి తెలుగు రాదు అని ఒకడు తీర్మానించేశాడు.

ఇంకా ఉన్నాయి. రెండు సబ్జెక్టుల మార్కులు ఇన్‌పుట్‌తో తీసుకుని కలిపే ఉదాహరణలో 45, 50 ఇస్తే 95 వస్తుందని పేజీలో ఉంది, రన్ చేస్తే 4550 వస్తోంది. సెట్ల పేజీలో చేపల పేర్లు ప్రింట్ చేస్తే గైడ్‌లో ఒక వరుస, నా లాప్‌టాప్‌లో ఒక వరుస, పక్కవాడి దాంట్లో ఇంకో వరుస.

ఇవన్నీ సరిచేసి ఒకేసారి పెద్ద పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పులు కలుపుకోండి అని గైడ్ వాళ్ళకి పంపేది) పంపాలా, లేక ముక్కలు ముక్కలుగా పంపాలా? రాసినవాళ్ళు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? మాతో చెప్పే ఇంకో ఆయన "క్లాసులో నోటితో చెప్పేద్దాం, గైడ్ జోలికి మనకెందుకు" అంటున్నారు. నాకు మాత్రం అది మనసొప్పడం లేదు, మేడ మీదికి రాని పిల్లలు కూడా ఆ గైడే చదువుతున్నారు కదా. ఇంకొకటి, మొదలుపెట్టేవాళ్ళ పుస్తకంలో కొంత సులువు చేయక తప్పదు, ఆ సులువుకీ తప్పుకీ గీత ఎక్కడ గీయాలి?

---

లాసన్స్‌బే

మేడమ్, ఇన్‌పుట్ ఉదాహరణ ఖచ్చితంగా సరిచేయాలి, అందులో సందేహమే లేదు. 95 అని రాసి 4550 వస్తే పిల్లాడు ఇక ఆ గైడ్‌లో ఏదీ నమ్మడు. సెట్‌ది కూడా.

కానీ పారామీటర్, ఆర్గ్యుమెంట్ గొడవ అంత అవసరమా అని నా అనుమానం. గాజువాక వైపు ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను, మా టీంలో సీనియర్లు కూడా ఈ రెండు మాటలు కలిపే వాడతారు, ఎవరికీ పని ఆగలేదు. కొత్తగా నేర్చుకునేవాడికి మొదటి వారంలోనే ఇది పారామీటర్, అది ఆర్గ్యుమెంట్, ఇది మెథడ్, అది ఫంక్షన్ అని పెడితే కోడ్ రాయడం మానేసి డెఫినిషన్లు బట్టీ పడతాడు. మన చదువుల్లో ఆ జబ్బు ఇప్పటికే చాలా ఉంది, రెండు మార్కుల ప్రశ్నలా "డిఫైన్ పారామీటర్" అని. నేనైతే ముందు రన్ అవ్వని ఉదాహరణలన్నీ సరిచేసి పంపుతాను, పదాల సంగతి తర్వాత. సులువుకీ తప్పుకీ గీత గురించి అడిగారు చూడండి, అది నాకూ తేలని విషయమే, పెద్దవాళ్ళు ఎవరైనా చెప్తే వింటాను.

---

పాత_సీ_ప్రోగ్రామర్

లాసన్స్‌బే తమ్ముడూ, బట్టీ గురించి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. పదాల సంగతి తర్వాత అన్నది మాత్రం ఒప్పుకోను, ఎందుకో చెప్తాను.

మీ సీనియర్లు రెండు మాటలూ కలిపి వాడినా పని ఎందుకు ఆగలేదు? వాళ్ళకి లోపల జరిగేది ముందే తెలుసు, మాట జారినా అర్థం జారదు. పుస్తకం తప్ప వేరే దిక్కులేని పిల్లకి ఆ వెసులుబాటు లేదు. పైన టెస్టర్ అమ్మ చెప్పింది మళ్ళీ చదువు. ఎర్రర్ మెసేజ్ సరైన మాటే వాడింది: కాల్ చేసినప్పుడు వెళ్ళే విలువలు ఆర్గ్యుమెంట్లు, అవి రెండు వెళ్ళాయి, ఒకటి ఆ అమ్మాయి కాల్‌లో ఇచ్చిన విలువ, రెండోది పైథాన్ తనంతట తానే ముందు చేర్చే ఆబ్జెక్టు. తీసుకోడానికి డెఫ్ లైనులో ఉన్న పారామీటర్ ఒక్కటే. ఈ రెండు మాటలు సరిగ్గా తెలిస్తే ఆ ఎర్రర్ లైనే సెల్ఫ్ గురించి పాఠం చెప్పేస్తుంది. గైడ్ వాటిని తారుమారు చేయడం వల్ల అదే లైను అబద్ధంలా కనిపించింది. కాబట్టి ఇది పరీక్షలో రెండు మార్కుల సంగతి కాదు. ఎర్రర్ చదవగలగడం, చదవలేకపోవడం మధ్య తేడా.

పైథాన్ అధికారిక డాక్స్‌లో దీనికి గ్లాసరీలో (పదకోశంలో) రెండు ఎంట్రీలు విడివిడిగా ఉన్నాయి, ప్రోగ్రామింగ్ ఎఫ్ఏక్యూలో ఈ తేడా మీదే ఒక ప్రశ్న ఉంది. పుల్ రిక్వెస్ట్‌లో ఆ లింకులు పెట్టండి. "నాకు ఇలా అనిపిస్తోంది" అంటే వాదన మొదలవుతుంది. "భాష సొంత గ్లాసరీ ఇలా అంటోంది, మన మూడు పేజీలు మూడు రకాలుగా అంటున్నాయి" అంటే వాదించడానికి ఏమీ మిగలదు, నొచ్చుకోడానికీ ఉండదు.

ఇక లెన్ సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త పొడుగ్గా రాస్తాను.

పైథాన్ స్ట్రింగ్ అంటే యూనికోడ్ కోడ్ పాయింట్ల వరుస, అంటే లిపిలో ఒక్కో గుర్తుకీ యూనికోడ్ ఇచ్చిన నంబర్ల వరుస. "విశాఖ" లోపల ఉన్నవి ఇవి: వ, గుడి, శ, దీర్ఘం, ఖ. ఐదు. లెన్ చెప్పింది నిజమే. రివర్స్ చేసినప్పుడు ఈ ఐదూ వెనక నుంచి ముందుకు వస్తాయి: ఖ, దీర్ఘం, శ, గుడి, వ. శ మీద ఉండాల్సిన దీర్ఘం ఇప్పుడు ఖ పక్కన పడింది, దానికి అతుక్కుని ఖా అయింది. వ మీది గుడి శ మీదికి ఎక్కింది. అందుకే "ఖాశివ". మీ పిల్లలకి ఇది బోర్డు మీద ఒక్కో ముక్కా విడదీసి రాసి చూపించండి, జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు పెద్ద మాట తీసుకోండి, "విశాఖపట్నం". మనం చదివేవి ఐదు అక్షరాలు, వి, శా, ఖ, ప, ట్నం. పైథాన్ లెన్ 10 అంటుంది, ఎందుకంటే ట్నం ఒక్కటే ట, పొల్లు, న, సున్న అని నాలుగు. గో భాషలో లెన్ అడిగితే 30 అంటుంది, అక్కడ లెక్క బైట్లలో, ఆ నంబర్లని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటీ మూడు బైట్లు. రస్ట్‌లోనూ 30. వాళ్ళ డాక్స్‌లో ఈ పొడవు బైట్లలో, మనిషి అనుకునే పొడవు కాకపోవచ్చు అని అక్కడికక్కడే రాసి పెట్టారు, చూడండి. జావాస్క్రిప్ట్‌లో 10 వస్తుంది, కానీ అది లెక్కపెట్టేది యూటీఎఫ్-16 యూనిట్లని. తెలుగుకి రెండూ ఒకే అంకె అవుతాయి, ఎమోజీ పెడితే తేడా బయటపడుతుంది. కంటికి కనిపించే అక్షరాన్ని లెక్కపెట్టడానికి యూనికోడ్‌లో గ్రాఫీమ్ క్లస్టర్ అని వేరే నియమాలున్నాయి, స్విఫ్ట్ భాష వాటిని పాటిస్తుంది. ఆ నియమాల్లో కూడా ట్నం లాంటి ఒత్తు అక్షరాన్ని ఒకటిగా లెక్కించే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తోనే చేరింది, అంతకుముందు ట్ వేరు, నం వేరు.

చెప్పొచ్చేదేంటంటే, "అక్షరాల సంఖ్య" అన్న మాట ఇంగ్లీషు ఉదాహరణ దగ్గర నిజంలాగే ఉంటుంది, తెలుగువాళ్ళ కోసం రాసిన గైడ్‌లో మాత్రం మొదటి రోజే తప్పని తేలిపోతుంది. అక్కడ రెండు వాక్యాలు మార్చితే చాలు. "స్ట్రింగ్‌లో ఉన్న కోడ్ పాయింట్ల సంఖ్యను లెన్ చెప్తుంది. ఇంగ్లీషు మాటకి ఇది అక్షరాల సంఖ్యతో సరిపోతుంది, తెలుగు మాటలో గుణింతాలు, పొల్లు, సున్న విడివిడిగా లెక్కకి వస్తాయి." పక్కన హలోతో పాటు విశాఖ కూడా ఉదాహరణగా పెట్టండి.

ఆ గైడ్ ఇప్పుడే తెరిచి చూశాను, ఫంక్షన్ల పేజీ చివర "పైథాన్‌లో అన్నీ కాల్ బై రిఫరెన్స్" అని ఇంకొకటి ఉంది. అదీ మార్చాల్సిందే. సీ ప్లస్ ప్లస్ తెలిసినవాడు ఆ మాట చదివి, ఫంక్షన్ లోపల ధర = 100 అని రాస్తే బయటి ధర మారిపోతుందని నమ్ముతాడు. మారదు, లోపలి పేరు కొత్త ఆబ్జెక్టుకి కట్టుకుంటుందంతే. లిస్ట్‌కి అపెండ్ చేస్తే బయట కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆబ్జెక్టు అదే. పైథాన్ అధికారిక ట్యుటోరియల్ దీన్ని కాల్ బై వాల్యూ అనే అంటుంది, కాకపోతే ఆ విలువ ఎప్పుడూ ఆబ్జెక్ట్ రిఫరెన్సే అని కూడా అంటుంది. కింద ఫుట్‌నోట్‌లో కాల్ బై ఆబ్జెక్ట్ రిఫరెన్స్ అంటే ఇంకా బాగుంటుందని ఒప్పుకుంటుంది. పేరు ఏదైనా పెట్టండి, ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన ఉండాలి, పాఠం అంతా వాటిలోనే ఉంది.

---

అప్పూఘర్_నుంచి

పంపే పద్ధతి గురించి నేను చెప్తాను అక్కా, కొన్ని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల డాక్స్‌లో ఈ పని చేస్తుంటాను.

ఒకే పెద్ద పుల్ రిక్వెస్ట్ మాత్రం వద్దు. ఇరవై పేజీలు మారిన పీఆర్ (పుల్ రిక్వెస్ట్) చూస్తే, ప్రాజెక్టు చూసుకునే ఏ మెయింటైనర్‌కైనా రేపు చూద్దాం అనిపిస్తుంది, ఆ రేపు రాదు. అందులో ఒక్క వాక్యం మీద చర్చ మొదలైతే మిగతా మంచి మార్పులన్నీ దాంతో పాటు ఆగిపోతాయి. ఇన్‌పుట్ ఉదాహరణ ఒక పీఆర్, సెట్ ఉదాహరణ ఒక పీఆర్. ఇవి ఎవరూ కాదనలేనివి, ముందు ఇవి వెళ్ళనివ్వండి, మీ పేరు వాళ్ళకి పరిచయం అవుతుంది. పారామీటర్ విషయానికి ముందు ఒక ఇష్యూ (సమస్యని చర్చకి పెట్టే పేజీ) తెరవండి. మూడు పేజీల్లో మూడు వాక్యాలు, పేజీ లింకులతో సహా పక్కపక్కన పెట్టి, గ్లాసరీ లింక్ ఇచ్చి, "మనం దీన్నే పాటిద్దామా" అని అడగండి. సరే అన్నాక మార్చండి. నొచ్చుకుంటారన్న టెన్షన్ మీకు అక్కర్లేదు, ఆ అమ్మాయి ఎర్రర్ దగ్గర ఎలా ఆగిపోయిందో ఉన్నదున్నట్టు రాస్తే చాలు, రాసినవాళ్ళకి అంతకంటే పనికొచ్చే సమాచారం ఉండదు.

పదాలు మార్చేటప్పుడు ఫైండ్ అండ్ రీప్లేస్ జోలికి అసలు వెళ్ళొద్దు. ఆర్గ్యుమెంట్ అన్న మాట చాలా చోట్ల సరిగ్గానే ఉంటుంది. కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లు ఆర్గ్యుమెంట్లే. ఆర్గ్‌పార్స్ మాడ్యూల్‌లో యాడ్ ఆర్గ్యుమెంట్ అనేది మెథడ్ పేరు, దాన్ని మార్చితే కోడే విరిగిపోతుంది. కీవర్డ్ ఆర్గ్యుమెంట్ అంటే కాల్ చేసే వైపు, కీవర్డ్ ఓన్లీ పారామీటర్ అంటే డెఫ్ వైపు, రెండూ ఒకే పేరాలో రావచ్చు. ఒక్కో చోటా ఆగి, ఈ వాక్యం డెఫ్ లైను గురించా, కాల్ గురించా అని చూసుకుని మార్చాల్సిందే. విసుగ్గా ఉంటుంది గానీ వేరే దారి లేదు.

ఇన్‌పుట్ ఉదాహరణ ఎందుకు తప్పయిందో కూడా పీఆర్‌లో రాయండి. పైథాన్ 2లో ఇన్‌పుట్ మనం కొట్టినదాన్ని లెక్కకట్టి ఇచ్చేది, 45 కొడితే అంకె 45 వచ్చేది, అప్పట్లో ఆ ఉదాహరణకి 95 సరైన జవాబే. పైథాన్ 3లో ఎప్పుడూ స్ట్రింగే వస్తుంది, అందుకే రెండు స్ట్రింగులు అతుక్కుని 4550. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో అయిపోయింది. అంటే ఆ ఉదాహరణ పాతది, రాసినవాళ్ళు తెలియక రాసింది కాకపోవచ్చు. ఆ ఒక్క పేజీలోనే కాదు, అదే కాలంలో రాసిన మిగతా పేజీల్లో కూడా ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోవడం, రెండు పూర్ణాంకాల భాగహారం దగ్గర తప్పు జవాబు ఉండడం చూసుకోండి. పైథాన్ 2లో 7/2 అంటే 3, పైథాన్ 3లో 3.5.

ఇక అసలైన మందు. ఉదాహరణలని మనిషి కంటితో కాదు, మిషన్‌తో చెక్ చేయించాలి. పైథాన్‌తో పాటే డాక్‌టెస్ట్ అనే మాడ్యూల్ వస్తుంది, పేజీలో మూడు బాణం గుర్తుల తర్వాత ఉన్న కోడ్‌ని రన్ చేసి, కింద రాసిన అవుట్‌పుట్‌తో పోల్చి, తేడా ఉంటే చూపిస్తుంది. పైథాన్ -ఎం డాక్‌టెస్ట్ అని కొట్టి పక్కన ఫైలు పేరు ఇస్తే సరి, మార్క్‌డౌన్ ఫైలు అయినా ఫర్వాలేదు. రస్ట్‌లో డాక్స్ ఉదాహరణలు కార్గో టెస్ట్‌లో భాగంగానే రన్ అవుతాయి, గోలో ఎగ్జాంపుల్ ఫంక్షన్ కింద అవుట్‌పుట్ కామెంట్ పెడితే గో టెస్ట్ పోల్చి చూస్తుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత ఉదాహరణ విరిగిందో లేదో దానంతట అదే తెలిసిపోతుంది.

తెలుగు గైడ్‌కి వాడేటప్పుడు తగిలే చిక్కులు కొన్ని ముందే చెప్తాను. మార్క్‌డౌన్‌లో కోడ్ బ్లాక్ మూసే మూడు బ్యాక్‌టిక్‌లు అవుట్‌పుట్‌కి ఆనుకుని ఉంటే, డాక్‌టెస్ట్ వాటిని కూడా రావాల్సిన అవుట్‌పుట్ అనుకుని ఫెయిల్ చూపిస్తుంది. మధ్యలో ఒక ఖాళీ లైను వదలాలి. విండోస్‌లో తెలుగు ఉన్న ఫైలు చదవలేక ఎర్రర్ వస్తే -ఎక్స్ యూటీఎఫ్8 అని కలపండి. ఇన్‌పుట్ ఉన్న ఉదాహరణని ఇలా చెక్ చేయడం కుదరదు, కీబోర్డు దగ్గర ఎవరూ ఉండరు కదా, అందుకని కలిపే భాగాన్ని ఇంట్("45") + ఇంట్("50") అని విడిగా చూపించి, ఇన్‌పుట్ లైను దాని కింద మామూలుగా రాసేయండి. సెట్ సంగతి: స్ట్రింగుల హ్యాష్ (సెట్‌లో వాటి చోటు నిర్ణయించే అంకె) ప్రతి రన్‌కీ మారుతుంది, పైథాన్ 3.3 నుంచి అది డిఫాల్ట్. అందుకే వరుస మారుతోంది. వంజరం, చందువా, రొయ్య ఉన్న సెట్‌ని నేరుగా ప్రింట్ చేయకుండా సార్టెడ్‌లో పెట్టి చూపించండి, లేదా రెండు సెట్లు సమానమా అని అడిగి ట్రూ చూపించండి. సెట్‌కి వరుస లేదు అన్న అసలు పాఠం కూడా దాంతోనే వచ్చేస్తుంది.

---

రుషికొండ_టెస్టర్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. లెన్ భాగం ప్రింట్ తీసి పెట్టుకున్నాను, గురువుగారూ, వచ్చే ఆదివారం బోర్డు మీద పెట్టేది అదే.

డాక్‌టెస్ట్ రాత్రే మొదలుపెట్టాను. ఖాళీ లైను మాట ముందే చెప్పబట్టి బతికిపోయాను, లేకపోతే సగం పేజీలు ఫెయిల్ అని భయపడేదాన్ని. అది పట్టుకున్న వాటిలో ఒకటి నాకు అర్థం కాలేదు. వేరియబుల్స్ పేజీలో తెలుగు పేర్లు వాడారు, పేరు, వయసు, ఊరు, అన్నీ చక్కగా నడుస్తున్నాయి. బస్‌నంబర్ = 28 అన్న లైను దగ్గర మాత్రం "ఇన్‌వాలిడ్ నాన్ ప్రింటబుల్ క్యారెక్టర్ యూ+200సీ" అంటోంది. ఆ పేరులో కనిపించనిది ఏముంది? పైగా ఒక అబ్బాయి అదే పేరు ఫోన్‌లో తనంతట తాను కొడితే రన్ అయింది, కాకపోతే స కింద న ఒత్తు వచ్చి చూడ్డానికి వేరేలా ఉంది.

---

పాత_సీ_ప్రోగ్రామర్

భలే దొరికిందమ్మా ఇది. పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, పెప్ 3131 అన్న ప్రతిపాదనతో వచ్చిందది. అక్షరాలు, గుణింతాలు, పొల్లు, సున్న అన్నీ చెల్లుతాయి. బస్‌నంబర్‌లో స్ తర్వాత న వస్తే మామూలుగా ఒత్తుగా కలిసిపోతుంది. కలవకుండా విడిగా కనిపించాలని కీబోర్డు మధ్యలో ఒక గుర్తు పెడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్, దాని కోడే యూ+200సీ. మామూలు తెలుగు రాతలో అది కావాల్సిందే, నేను రాసే ఈ వాక్యాల్లో కూడా ఉంది. పైథాన్ పేర్లలో మాత్రం చెల్లదు. ఆ అబ్బాయి కొట్టినప్పుడు ఆ గుర్తు పడలేదు, అందుకే ఒత్తు వచ్చింది, రన్ కూడా అయింది.

గైడ్‌లో దాన్ని బస్_నంబర్ అని మార్చండి. మధ్యలో అండర్‌స్కోర్ ఉంటే ఒత్తు కలవదు, ఆ కనిపించని గుర్తు అవసరమూ ఉండదు. స్ట్రింగ్ లోపల, కొటేషన్ల మధ్య అది ఉన్నా ఇబ్బంది లేదు, కాకపోతే లెన్‌లో అదీ ఒకటిగా లెక్కకి వస్తుంది. ఇది ఆ పేజీలో ఒక చిన్న నోట్‌గా రాసి పెడితే తెలుగులో పేర్లు పెట్టాలనుకునే ప్రతి పిల్లాడికీ పనికొస్తుంది, ఇంగ్లీషు డాక్స్ మాత్రమే చదివేవాడికి ఈ అవసరమే రాదు కాబట్టి అక్కడ వెతికితే దొరకడం కష్టం. కాపీ చేసేటప్పుడు వంకర కొటేషన్ గుర్తులు కూడా ఇలాగే చంపుతాయి, వర్డ్‌లో రాసి అతికించిన పేజీలైతే అవీ చూడండి.

ఆ లైను ఎలాగూ ముట్టుకుంటున్నారు కాబట్టి 28ని కూడా మార్చేయండి. మన ఊళ్ళో బస్ నంబర్ అంకె కాదు. భీమిలి వెళ్ళే 900కేని ఇంట్‌లో పెట్టమంటే వాల్యూఎర్రర్ వస్తుంది. దాన్ని స్ట్రింగ్‌గా పెట్టి, దాంతో కూడికలు చేయం కాబట్టి స్ట్రింగ్ అని ఒక వాక్యం రాయండి. ఫోన్ నంబరూ అంతే, పిన్‌కోడూ అంతే. చార్జీ అంకె, ప్రయాణికుల సంఖ్య అంకె.

---

లాసన్స్‌బే

గురువుగారూ, ఎర్రర్ చదవడం గురించి మీరు చెప్పింది బాగుంది, మా టీంలో కొత్తగా చేరినవాళ్ళు ఎర్రర్ చూడగానే చదవకుండా నాకు స్క్రీన్‌షాట్ పంపించడం గుర్తొచ్చింది. మరి మేడమ్ అడిగిన ఆ గీత సంగతి? లెన్ దగ్గర గ్రాఫీమ్ క్లస్టర్ దాకా రాస్తే మొదటి వారం పిల్లాడు పారిపోడా?

---

పాత_సీ_ప్రోగ్రామర్

రాయొద్దు తమ్ముడూ. ట్యుటోరియల్ పేజీలో గ్రాఫీమ్ క్లస్టర్ మాట ఎత్తనే అక్కర్లేదు, అది వదిలేయడం సులువు చేయడం. లెన్ అక్షరాలు లెక్కపెడుతుంది అనడం మాత్రం సులువు చేయడం కాదు, ఎందుకంటే పిల్లాడు దాన్ని నమ్మి విశాఖ అని కొట్టగానే తప్పవుతుంది. నేను చూసుకునేది ఇదే: పేజీలో రాసిన వాక్యాన్ని నమ్మి, చదివేవాడు తన సొంత ఉదాహరణ ఒకటి రాసుకుంటే అది నడవాలి. నడిస్తే ఎంత తక్కువ చెప్పినా ఫర్వాలేదు. పారామీటర్‌కి డెఫినిషన్ అక్కర్లేదు, "డెఫ్ లైనులో పేరు పారామీటర్, కాల్‌లో పంపే విలువ ఆర్గ్యుమెంట్" అని ఒక్క వాక్యం, కింద రెండు లైన్ల కోడ్. తర్వాత పేజీలన్నీ ఆ మాటలే అదే అర్థంతో వాడాలి, అంతే. పూర్తి వివరం కావాల్సినవాడికి రిఫరెన్స్ పేజీకి లింక్ ఇవ్వాలి.

---

అప్పూఘర్_నుంచి

ఇంకొక చిన్న సంగతి అక్కా. మీ గైడ్‌లో సరిచేసేటప్పుడు పైథాన్ అధికారిక డాక్స్‌లోనే ఏదైనా తప్పు కనిపిస్తే అక్కడా పంపొచ్చు, అదేమీ పెద్దవాళ్ళ వ్యవహారం కాదు. డాక్స్ అంతా సీపైథాన్ (పైథాన్ అసలు ప్రోగ్రాం) రిపోలో డాక్ అనే ఫోల్డర్‌లో ఉంది, ప్రతి పేజీలోనూ సోర్స్ చూసే లింక్ ఉంటుంది. స్పెల్లింగ్ లాంటి చిన్న సవరణకి విడిగా ఇష్యూ కూడా అక్కర్లేదు. మొదటిసారి పంపినప్పుడు కాంట్రిబ్యూటర్ అగ్రిమెంట్ మీద సంతకం చేయమని బాట్ అడుగుతుంది, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. మార్పు ముందు మెయిన్ బ్రాంచ్‌లోకి వెళ్ళి, తర్వాత బగ్ ఫిక్సులు ఇంకా తీసుకుంటున్న వెర్షన్లకి బ్యాక్‌పోర్ట్ అవుతుంది. అందుకని ముందు మెయిన్‌లో ఆ తప్పు ఇంకా ఉందో లేదో చూసుకోండి, చాలాసార్లు మనం చదివేది పాత వెర్షన్ పేజీ అయి ఉంటుంది.

---

లాసన్స్‌బే

అయితే మేడమ్, ఇన్‌పుట్ పేజీ, ఆ పాత ప్రింట్‌లు, భాగహారం ఉన్న పేజీలు నేను తీసుకుంటాను, ఈ వారాంతం రన్ చేసి ఒక్కో పేజీకి ఒక్కో పీఆర్ పంపుతాను. సెట్లు, స్ట్రింగులు మీరు చూడండి. పారామీటర్ ఇష్యూ మీరే తెరవాలి, ఆ అమ్మాయి ఎర్రర్ మీ దగ్గరే ఉంది.

---

రుషికొండ_టెస్టర్

తప్పకుండా. ఇష్యూ ఇందాకే తెరిచాను, ఎర్రర్ పూర్తి పాఠం, ఆ మూడు పేజీల వాక్యాలు, గ్లాసరీ లింకులు పెట్టాను. మెయింటైనర్లలో ఒకరు అప్పుడే జవాబిచ్చారు, గ్లాసరీ ప్రకారమే వెళ్దాం అన్నారు, క్లాసుల పేజీలో సెల్ఫ్ దగ్గర ఆ ఎర్రర్‌నే ఉదాహరణగా పెట్టమని అడిగారు. ఆ పేజీ సవరణ ఆ అమ్మాయి చేతే పంపిద్దామనుకుంటున్నాను, తనకి గిట్ ఇంకా రాదు, ఆదివారం కూర్చుని చేయిస్తాను. కాల్ బై రిఫరెన్స్ పేజీ ఇంకా ఎవరూ తీసుకోలేదు, గురువుగారు రాస్తారా?

---

పాత_సీ_ప్రోగ్రామర్

రాస్తానమ్మా. ధర ఉదాహరణ, లిస్ట్ ఉదాహరణ రెండూ డాక్‌టెస్ట్‌లో నడిచేలా పంపుతాను, పంపాక మీ పిల్లల్లో ఎవరి చేతనైనా చదివించి ఎక్కడ ఆగారో చెప్పండి.